కడప చిరునామాకు ఎన్ని గళ్లు

కువైట్‌లోని ఫర్వానియాలో ఒక చిన్న కార్గో దుకాణంలో నేను గుమాస్తాగా చేరింది 2011లో. అప్పుడు మా దగ్గరికి వచ్చే పెట్టెల్లో సగానికి పైగా కడప జిల్లాకే వెళ్లేవి. రాజంపేట, రాయచోటి, పుల్లంపేట, చిట్వేలి, రైల్వే కోడూరు ప్రాంతాల నుంచి ఇరవై నంబరు వీసా మీద వచ్చి అరబ్బుల ఇళ్లలో వంటపని, డ్రైవరు పని చేసేవారు, సెలవు దొరికిన శుక్రవారం నాడు పాలపొడి డబ్బాలు, దుప్పట్లు, తైలం సీసాలు మోసుకొని వచ్చి మా దుకాణం ముందు బారులు తీరేవారు. ఒక్కొక్కరి వివరాలు మూడు ప్రతుల కార్బన్ పుస్తకంలో రాసుకొనేవాళ్లం. పెట్టెతో వెళ్లేది మూడో ప్రతి. దాని మీద అక్షరాలు మసకబారి, కడపలో ఏడు రోడ్ల దగ్గర గోదాము చూసుకొనే మా మేనత్త కొడుక్కి ఒకటికీ ఏడుకూ తేడా తెలిసేది కాదు. ఆయన ఉదయం ఏడు గంటలకు గోదాము తలుపు తీయగానే ఫోను చేసేవాడు. కువైట్ గడియారం మన కంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుంది కాబట్టి, నాకు అది తెల్లవారుజాము నాలుగున్నర. “ఏమబ్బీ, ఇది యా రామాపురం?” అని అడిగితే నిద్రమత్తులో ఏం చెప్పగలను? ఆ పేరుతో మండలమే ఒకటుంది, పల్లెలైతే లెక్కలేనన్ని ఉన్నాయి.

అందుకే మా యజమాని, కంప్యూటరులో నింపి ఈమెయిల్‌లో పంపగలిగే ఫారం ఒకటి తయారుచేయమన్నప్పుడు నేను వెంటనే ఒప్పుకొన్నాను. కడప కలెక్టరేటు ఎదుట దరఖాస్తులు రాసిపెట్టే మా చిన్నాన్న పక్కన రెండేళ్లు కూర్చున్నవాణ్ణి, ఫారాల గురించి నాకు తెలియనిదేముంటుందనే ధీమా కూడా కొంత ఉండేది. పాత పుస్తకంలోని పేజీని స్కాన్ చేసి, పీడీఎఫ్ ఫైళ్లు తయారుచేసే అక్రోబాట్‌లో తెరిస్తే, ఆ సాఫ్ట్‌వేర్ గీతలు ఉన్నచోటల్లా తానే గళ్లు అమర్చిపెట్టింది. మూడు గంటల్లో పని అయిపోయిందని సంబరపడ్డాను కానీ, దాన్ని సరిదిద్దుకోవడానికి మూడు నెలలు పట్టింది.

మొదటి తప్పు పూర్తిగా నాదే. పంపేవారి ఫోను నంబరుకు ఎనిమిది అంకెల గడి ఒకటి చేసి, శ్రమ తగ్గుతుందని దాన్నే కాపీ చేసి, పది అంకెలకు పెంచి, అందుకొనేవారి ఫోను నంబరు దగ్గర అతికించాను. పీడీఎఫ్ ఫారంలో ఒకే పేరున్న రెండు గళ్లు ఒకే గడి కింద లెక్క. ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ ప్రత్యక్షమవుతుంది. కాపీ చేసిన గడికి పాత పేరే ఉండిపోయిందని నేను చూసుకోలేదు. కడప నంబరు కొట్టగానే కువైట్ నంబరు చెరిగిపోతుంటే, ఒక డ్రైవరు తన కంప్యూటరుకు ఏదో పట్టిందని వాపోయాడు. ఆ రోజు నుంచి ప్రతి గడికీ పేరు నేనే పెట్టడం అలవాటు చేసుకొన్నాను. వచ్చిన జవాబులన్నీ కలిపి పట్టికగా మార్చినప్పుడు ఆ పేర్లే నిలువు వరుసల శీర్షికలవుతాయి కాబట్టి, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన టెక్స్ట్1, టెక్స్ట్2 లాంటి పేర్లతో మా బావ ఏ వరుస ఎవరిదో తేల్చుకోలేడు.

పిన్‌కోడు దగ్గర ఇంకో చిత్రం జరిగింది. అందులో అంకెలు తప్ప మరేవీ పడకూడదని దాన్ని సంఖ్యల గడిగా పెట్టాను. రాజంపేట వాళ్లు 516115 అని కొడితే, అది కామా పెట్టుకొని, దశాంశాలు తగిలించుకొని 516,115.00గా మారి కూర్చునేది. పిన్‌కోడును ఎవరూ కూడరు, తీసివేయరు; అంకెల్లో కనబడినా అది పేరు లాంటిదేనని నాకప్పుడు అర్థమై, మామూలు అక్షరాల గడిగా మార్చి ఆరు అంకెల పరిమితి విధించాను. తేదీ గడిలో నెల ముందు, రోజు తర్వాత ఉండే పద్ధతిని మార్చకుండా వదిలేసిన సంగతి, నెలలో పన్నెండో తేదీ దాకా ఎవరికీ తెలియలేదు. పదమూడున మాత్రం ఏ తేదీ కొట్టినా ఫారం తప్పంటూ మొండికేసింది.

బతాకా, అంటే కువైట్ పౌర గుర్తింపు కార్డు, నంబరుకు పన్నెండు అంకెలుంటాయి. మొదటి అంకె శతాబ్దానిది, తర్వాతి ఆరు అంకెలు పుట్టిన సంవత్సరం, నెల, రోజు. కాబట్టి ఆ గడిని పన్నెండు చిన్న అరలుగా విడగొట్టి, మధ్యలోని ఆరు అంకెలు సరైన తేదీ అవుతాయో లేదో చూసే నాలుగు వరుసల స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాను. అది బాగానే పనిచేసింది. మా వైపు వారి బతాకాలు చూస్తుంటే నవ్వూ వచ్చేది: ఎంతమందివో జూలై ఒకటో తేదీ పుట్టినరోజులు. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన తేదీ పాస్‌పోర్టులోకి, అక్కడి నుంచి బతాకాలోకి, చివరికి నా గడిలోకి నడిచి వచ్చిందన్నమాట.

అన్నింటికంటే ఎక్కువ కష్టపెట్టింది, ఫారం అడుగున నేను ఎర్రరంగులో గర్వంగా పెట్టిన ‘పంపండి’ మీట. దాన్ని నొక్కితే ఫారం నేరుగా మాకు చేరుతుందని జనం అనుకొన్నారు. నిజానికి మొదట్లో నేనూ అదే అనుకొన్నాను. ఆ మీట చేసేదల్లా, ఆ కంప్యూటరులో ఈమెయిల్ ప్రోగ్రాం ఉంటే దాన్ని తెరిచి, మా చిరునామా రాసి, ఫారాన్ని జతచేసి ఉంచడమే. ఆ తర్వాత పంపేవారు అక్కడ మళ్లీ ఒకసారి నొక్కాలి. మా ఖాతాదారుల్లో ఎవరూ అలాంటి ప్రోగ్రాం పెట్టుకొన్నవారు కారు. బ్రౌజరులో మెయిల్ చూసుకొనేవారు, లేదా నెట్ సెంటరులో పావుగంట కూర్చునేవారు. వారు ఫారాన్ని దాచుకొని తామే జతచేయాలి. ఆ దాచుకోవడంలోనూ తిరకాసు ఉండేది: పీడీఎఫ్‌లు చదివేందుకు అక్రోబాట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే రీడర్‌లో, 2012లో దాని 11వ రూపం రాక ముందు, నింపిన వివరాలు నిలవాలంటే, ఫారం తయారుచేసినవారే ఆ అనుమతిని ముందుగా అందులో పెట్టి ఉండాలి. నాకది తెలియని మొదటి రెండు వారాల్లో, అరగంట కష్టపడి నింపినవారి నుంచి మాకు ఖాళీ ఫారాలు వచ్చాయి. మీట నొక్కినప్పుడు మాత్రమే తప్పనిసరి గళ్లు నిండాయా లేదా అన్న తనిఖీ జరుగుతుంది కాబట్టి, చేత్తో జతచేసినవారి ఫారాల్లో ఊరి పేరే లేకపోయినా అడ్డుపడేది ఏదీ లేదు.

వివరాలను మాత్రమే చిన్న ఫైలుగా తెప్పించుకోవచ్చని తెలిసి అదీ ప్రయత్నించాను. అది తెరవాలంటే అసలు ఫారం అవతల కూడా ఉండాలి. కడపలో మా బావ దగ్గర పాత ఫారం ఉండిపోవడంతో గళ్లు కలవక గందరగోళమైంది. ఆపై మొత్తం పీడీఎఫ్‌నే తెప్పించుకొన్నాను. ఫైలు పెద్దదైతే అయింది, అచ్చు తీసి పెట్టెకు అంటిస్తే సరిపోయేది. ఫోనుల సంగతి చెప్పనే అక్కరలేదు. కొన్నింటిలో గళ్లు కనబడేవి కావు, కొన్నింటిలో మీట బొమ్మలా ఉండేది తప్ప నొక్కితే పలికేది కాదు.

శీర్షికలు తెలుగులో అచ్చయ్యేవి, గళ్లలో మాత్రం తెలుగు కొడితే ఒత్తులు విడిపోయి పడేవి. అందుకని జవాబులు ఇంగ్లీషు పెద్దక్షరాలలో రాయమని పైన ఒక వాక్యం పెట్టాను. పేరుకు మొదట రెండు గళ్లు పెట్టి, తర్వాత ఒకటే చేశాను, ఎందుకంటే మనకు ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టుకు వెనక. ఏ గడిలో ఏది రాయాలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా అర్థం చేసుకొన్నారు. చిరునామాకు చక్కగా ఇంటి నంబరు, వీధి, ఊరు అని విడగొడితే సగం గళ్లు ఖాళీగా వచ్చాయి. మా పల్లెల్లో చిరునామా అంటే ‘రామాలయం ఎదురుగా, ఫలానా వారి అల్లుడి ఇల్లు’. ఆ మాట రాసుకొనే వీలుగా ఒక పెద్ద గడి తెరిచాను. మండలం మాత్రం జాబితా నుంచి ఎంచుకోవాలి. రాయచోటి పేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాయకుండా ఆ జాబితా కాపాడింది. 2022 ఏప్రిల్‌లో అన్నమయ్య జిల్లా ఏర్పడినప్పుడు రాజంపేట, రాయచోటి, కోడూరులకు జిల్లా పేరు మారింది. నేను జాబితా మార్చాను, అప్పటికీ జనం కడప జిల్లా అనే రాస్తూ వచ్చారు, 516తో మొదలయ్యే పిన్‌కోడే పెట్టెలను చేర్చింది.

పాస్‌పోర్టు నంబరు గడిని ఎవరూ అడగకుండానే తీసేశాను. ఈమెయిల్‌లో తిరిగే కాగితం ఎవరెవరి కంట పడుతుందో చెప్పలేం. దాన్ని దుకాణంలో కళ్లతో చూసుకొంటే చాలు.

ఇంత చేసినా, కువైట్‌లో ఉన్నవారు ఫారం నింపి పంపడం ఎప్పుడూ అంతంత మాత్రమే. నింపడం మొదలైంది కడప వైపు నుంచి. పుల్లంపేట దగ్గరి పల్లెకు చెందిన ఒక అక్క పేరుతో ఒక గురువారం ఫారం వచ్చింది. ఒక్క గడి కూడా వదలకుండా, మండలం, పిన్‌కోడు, రామాలయంతో సహా నింపి ఉంది. కడపలో డిగ్రీ చదువుతున్న ఆమె కొడుకు నెట్ సెంటరులో కూర్చుని పంపాడట. సరుకుల గడిలో జాబితా కూడా వాడే రాశాడు: పాలపొడి డబ్బాలు నాలుగు, దుప్పటి ఒకటి, తైలం సీసాలు ఆరు, సెల్‌ఫోను ఒకటి.

మరునాడు ఆమె మా దుకాణానికి వచ్చినప్పుడు తెర తిప్పి చదివి వినిపించాను. పంపాక గళ్లన్నీ తాళం వేసినట్టు మారకుండా చేయమని మా యజమాని చెప్పి ఉన్నాడు కానీ, సరుకుల గడి ఒక్కటి మాత్రం పెట్టె మూసేదాకా తెరిచే ఉంచాను. “ఫోను తీసేయి నాయనా, పరీక్షలైనంక చూద్దాం. దుప్పట్లు రెండు రాయి, మా అత్తకొకటి” అంది. రాశాను. ఆమె మరోసారి చదవమంది.