పోగులు లేచే కుషన్ కవర్లు: ఇప్పటిదాకా అయిన పని

కుషన్ కవర్లు రెండూ అయిపోయాయి, మంచం పక్కన వేసే పట్టా మాత్రం ఇంకా సగంలోనే ఉంది. బొంత కుట్టేటప్పుడు అంచులు లోపలికి మడిచి దాచేస్తాం కదా, ఇందులో అంతా రివర్స్, అంచులు పైకే వదిలి పోగులు లేపాలి.

కవర్లకు షెనీల్ పద్ధతి, అంటే బట్ట పొరలు కలిపి కుట్టి, పై పొరలు కత్తిరించి పోగులు లేపడం. అడుగున గట్టి నూలు బట్ట, దానిమీద పాత చేనేత చీరల ముక్కలు నాలుగు పొరలు. కుట్టులోకి ఒక అంగుళం, ఉతికాక ముడుచుకుని ఇంకో అంగుళం పోతుందని 16 అంగుళాల కుషన్‌కి 18 అంగుళాల చదరాలు తీసుకున్నాను. అర అంగుళం ఎడంతో ఐమూలగా గీతలు గీసి, మధ్య గీత నుంచి అంచుల వైపు కుట్టుకుంటూ పోతే పొరలు జరగవు. తర్వాత కుట్టుకీ కుట్టుకీ మధ్య కత్తెర దూర్చి పై నాలుగు పొరలే కత్తిరించాలి.

ఐమూల దగ్గర మాత్రం రాజీ పడొద్దు. పడుగు వెంట నిలువుగా కోస్తే ఉతికినప్పుడు దారాలు పొడుగ్గా ఊడొచ్చి కుట్టు దగ్గర ఏమీ మిగలదు, అదే ఐమూలగా కోస్తే పడుగూ పేకా రెండూ పొట్టి పోగులుగా తెగి అక్కడే పట్టుకుని కుచ్చులా ఉబ్బుతాయి. నేను పైన ఆవపువ్వు పసుపు, దాని కింద మెరూన్ పెట్టాను. ఉతికాక పసుపు రెండు పక్కలకీ విడిపోయి మధ్యలో మెరూన్ చారలా తేలింది, చెప్పొద్దూ, భలే ఉంది.

పాలిస్టర్ కలిసిన బట్ట ఇందుకు పనికిరాదు. అనుమానముంటే ఒక పోగు లాగి అంటించి చూడండి, నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది.

మొదటి ఉతుకుకి తప్పకుండా దిండు గలీబులో వేసి మూతి కట్టండి, లేదంటే రాలిన నూగంతా వాషింగ్ మిషన్ ఫిల్టర్‌లో చేరుతుంది. మా ఇంట్లో డ్రయ్యర్ లేదు, ఎండలో ఆరేసి బట్టలుతికే బ్రష్‌తో గీరితే చాలు, పోగులు నిలబడ్డాయి.

పట్టా వేరే రకం. పాత లుంగీల 6 అంగుళాల ముక్కల్ని రెండేసి పొరలుగా పెట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టి, అంచులు పైకి వచ్చేలా అర అంగుళం వదిలి జోడిస్తున్నాను. 16 నంబరు సూది, పెద్ద కుట్టు. ఆ అంచుల్ని పావు అంగుళానికొకటి చొప్పున కత్తిరించాలి, కుట్టు తెగకుండా. నాలుగు మూలలు కలిసే చోట మందం ఎక్కువ, అక్కడ పెడల్ వదిలేసి చేత్తో చక్రం తిప్పుతున్నాను. ఇక చుట్టూ రెండు వరసల కుట్టు వేయాలి, ఆ తర్వాతే కత్తెర పని. స్ప్రింగ్ కత్తెర కొంటే తప్ప వేళ్ళు మాట వినేలా లేవు.