తక్కువ డబ్బుతో వేట రైఫిల్‌కు స్కోప్: గురి నిలకడే ముందు

వేట రైఫిల్‌కు స్కోప్, అంటే గురిచూసే దూరదర్శిని, కొనేటప్పుడు చేతిలో ఉన్న డబ్బు తక్కువైతే, దాన్ని ముందుగా దేని మీద ఖర్చుపెట్టాలి, దేన్ని వదులుకోవచ్చు అన్నదే తేల్చుకోవలసిన సంగతి. అన్ని విధాలా బాగుండే స్కోప్ తక్కువ ధరకు దొరకదు. అయితే ఒకటి రెండు విషయాల్లో రాజీ పడకుండా, మిగిలినవాటిలో సర్దుకుపోగలిగితే, ఏళ్ల తరబడి నమ్మదగిన స్కోప్ సామాన్యుడికీ అందుతుంది. నేను పాటించే వరుస ఇది: ఒకసారి సరిచేసిన గురి చెక్కుచెదరకుండా నిలవడం మొదటిది, మసక వెలుతురులో సరిపడా కనిపించడం రెండోది, ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందన్నది చిట్టచివరిది. అంగట్లో మాత్రం ఈ వరుస తలకిందులుగా ఉంటుంది. పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించేది రెట్ల సంఖ్యే. గురి నిలకడ గురించి ఒక్క ముక్క ఉండదు, ఎందుకంటే దాన్ని దుకాణంలో నిరూపించి చూపే మార్గం లేదు.

గురి ఎందుకు చెదురుతుందో అర్థం కావాలంటే స్కోప్ లోపల ఏముందో తెలియాలి. పైకి కనిపించే గొట్టం లోపల మరో సన్నని గొట్టం ఉంటుంది. తలకిందులుగా పడిన బింబాన్ని నిటారుగా నిలబెట్టే లెన్సులు, గురి గీతలున్న రెటికిల్ దానికే అమరి ఉంటాయి. ఆ లోపలి గొట్టం వెనుక చివర కీలు మీద ఆనుకొని ఉండగా, ముందు భాగాన్ని పైనుంచి ఒక మర, పక్కనుంచి మరొక మర నొక్కుతుంటాయి, ఎదుటి మూలనుంచి ఒక స్ప్రింగ్ దాన్ని ఆ మరల మీదికి నెడుతుంటుంది. మనం టరెట్‌ను, అంటే ఆ మరను తిప్పే బయటి పిడిని, ఒక క్లిక్ తిప్పినప్పుడు లోపల జరిగే కదలిక మిల్లీమీటరులో సుమారు వందో వంతు మాత్రమే. రైఫిల్ పేలిన ప్రతిసారీ వెనక్కి తన్నే దెబ్బకు ఆ స్ప్రింగ్ అణిగి, మళ్లీ ఆ వందో వంతు తేడా కూడా లేకుండా గొట్టాన్ని పాత చోటికి తీసుకురావాలి. చౌక స్కోపులు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. స్ప్రింగ్ బలహీనమైనదైతే, మర కొస మెత్తని లోహంతో చేసినదైతే, కీలులో కొద్దిపాటి సందున్నా, గాజు ఎంత తేటగా ఉన్నా తూటా ఒక రోజు ఒక చోట, మరో రోజు మరో చోట పడుతుంది. వేటగాడు మందుగుండును అనుమానిస్తాడు, తుపాకీ గొట్టాన్ని అనుమానిస్తాడు, చివరికి తన చేతినే అనుమానిస్తాడు. స్కోప్ మీదికి అనుమానం పోయేసరికి ఒక వేట కాలం గడిచిపోతుంది.

పాత తరం వేటగాళ్లలో కొందరు టరెట్ తిప్పిన ప్రతిసారీ దాని మీద నాణెంతోనో తూటా అంచుతోనో రెండు మూడు సార్లు తట్టేవారు. లోపలి గొట్టం ఎక్కడో పట్టుకొని ఆగిపోతే ఆ తట్టుడుకు కదిలి సర్దుకుంటుందని వారి లెక్క. ఇవాళ కొన్న స్కోపుకు ఆ తట్టుడు అవసరమైతే, దాన్ని వెనక్కి ఇచ్చేయడమే మేలు.

ఈ నిలకడను ఇంటి దగ్గర కాకపోయినా గురి అభ్యాస మైదానంలో ఎవరైనా పరీక్షించుకోవచ్చు. చాలా వేట స్కోపుల్లో ఒక క్లిక్ అంటే పావు ఎంఓఏ; ఒక ఎంఓఏ, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం, 100 గజాల దూరంలో 1.047 అంగుళాలకు సమానం. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద స్థిరంగా ఉంచి, 100 గజాల దూరంలోని ఒకే బిందువుకు గురిపెట్టి మూడు తూటాలు పేల్చాలి. తర్వాత టరెట్‌ను 24 క్లిక్కులు పైకి, 24 కుడికి, 24 కిందికి, 24 ఎడమకి తిప్పుతూ, ప్రతి మలుపు దగ్గర అదే బిందువుకు గురిపెట్టి పేలుస్తూ పోతే, కాగితం మీద సుమారు ఆరుంబావు అంగుళాల భుజంతో చతురస్రం ఏర్పడి, చివరి తూటాలు మొదటి తూటాలున్న చోటికే చేరాలి. భుజం ఐదంబావో ఆరో అయితే నేను పెద్దగా పట్టించుకోను, వేటలో టరెట్ తిప్పే పని అరుదు కాబట్టి. కానీ చివరి గుంపు మొదటి చోటికి రాకపోతే మాత్రం ఆ స్కోపును ఎంత తక్కువ ధరకైనా ఉంచుకోకూడదు. ఈ పరీక్షకు తూటాల ఖర్చు కాస్త ఎక్కువే అవుతుంది, అయినా కొన్న కొత్తలోనే, మార్పిడి గడువు దాటకముందే చేసుకోవడం మంచిది.

రైఫిల్ కాలిబర్ ఎంత పెద్దదైతే ఈ పరీక్ష అంత కఠినం. తేలిగ్గా తన్నే .22 రిమ్‌ఫైర్ మీద జీవితాంతం సుఖంగా ఉండే స్కోప్, గట్టిగా తన్నే .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ మీద ఒక పెట్టె తూటాలకే వదులైపోవచ్చు. ఇక్కడ చాలామందికి వింతగా తోచే సంగతి ఒకటుంది: స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్ రైఫిల్ చూడడానికి సాధువుగా ఉన్నా స్కోపులకు పెద్ద శత్రువు. అందులోని బరువైన పిస్టన్ ముందుకు దూసుకుపోతుంటే రైఫిల్ వెనక్కి తన్ని, పిస్టన్ ఆగినప్పుడు ముందుకు కుదుపుకుంటుంది. వెనక్కి తన్నే దెబ్బకు మాత్రమే తట్టుకొనేలా కట్టిన స్కోప్ ఈ రెండో కుదుపుకు చెడిపోతుంది. అందుకే అలాంటి రైఫిల్‌కు ఎయిర్ రైఫిళ్లకు పనికివస్తుందని తయారీదారు స్పష్టంగా చెప్పిన స్కోపునే వాడాలి.

ఇక రెట్ల సంగతి. 3-9x40 అంటే బింబాన్ని మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల వరకు పెంచి చూపుతుందని, ముందు లెన్సు వ్యాసం 40 మిల్లీమీటర్లని అర్థం. తక్కువ డబ్బుతో కొనేవారికి నేను కళ్లు మూసుకొని చెప్పే కొలత ఇదే. ఇది అన్నిటికన్నా గొప్పదని కాదు. తయారీదారులందరూ దీన్ని లెక్కకు మించి తయారు చేస్తారు కాబట్టి పెట్టిన డబ్బుకు దొరికే నాణ్యత ఇందులోనే ఎక్కువ. జింక జాతి జంతువులో ప్రాణస్థానం 15 నుంచి 20 సెంటీమీటర్ల వెడల్పున ఉంటుంది, దాన్ని 200 మీటర్ల దూరంలో గుర్తించి గురిపెట్టడానికి ఆరు రెట్లు చాలు. దగ్గరి పొదల్లోంచి జంతువు హఠాత్తుగా లేచినప్పుడు పనికివచ్చేది కింది చివర ఉన్న మూడు రెట్లే. మూడు రెట్ల దగ్గర 100 మీటర్ల దూరంలో సుమారు 11 మీటర్ల వెడల్పు కనిపిస్తే, తొమ్మిది రెట్ల దగ్గర అది 4 మీటర్లకు అటూ ఇటూగా కుంచించుకుపోతుంది. అందుకే అడవిలో నడుస్తున్నంతసేపు స్కోప్ కనిష్ఠ రెట్ల మీదే ఉండాలి. దూరంగా ఉన్న జంతువు కోసం రెట్లు పెంచుకొనే వ్యవధి ఎలాగూ ఉంటుంది, దగ్గరగా లేచినదాని కోసం తగ్గించుకొనే వ్యవధి ఉండదు.

రెట్లు పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. ముందు లెన్సు వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతి కిరణపుంజం వెడల్పు, అంటే ఎగ్జిట్ ప్యూపిల్, వస్తుంది. 40ని తొమ్మిదితో భాగిస్తే 4.4 మిల్లీమీటర్లు, ఆరుతో భాగిస్తే 6.7. చీకట్లో యువకుల కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది, వయసు యాభై దాటినవారిలో అది ఐదు దాటడం కష్టం. కాబట్టి సంధ్యవేళ బింబం మసకగా ఉందనిపిస్తే, 50 మిల్లీమీటర్ల లెన్సు కోసం మళ్లీ డబ్బు పోగుచేసేకన్నా రెట్లను ఆరుకు తగ్గించి చూడాలి. పెద్ద లెన్సు బరువును పెంచడమే కాకుండా స్కోపును ఎత్తుగా బిగించేలా చేస్తుంది, అప్పుడు చెంప తుపాకీ వెనుక చెక్కకు ఆనకుండా గాలిలో వేలాడుతుంది. రెట్లు మారని 4x, 6x స్కోపులను ఇవాళ పాతకాలపు వస్తువులుగా చూస్తారు గానీ, 6x42 వంటిదానిలో ఎగ్జిట్ ప్యూపిల్ సరిగ్గా 7 మిల్లీమీటర్లు. లోపల కదిలే భాగాలు తక్కువ కాబట్టి అదే ధరకు దృఢత్వం ఎక్కువ దొరుకుతుంది. మంచి స్థితిలో ఉన్నది కనబడితే నేనైతే వదులుకోను.

గాజు విషయంలో పెట్టె మీది పదాలను జాగ్రత్తగా చదవాలి. పూత లేని గాజు ఉపరితలం తన మీద పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. పది ఉపరితలాలు దాటేసరికి మూడింట ఒక వంతు వెలుతురు పోతుంది. పోయిన ఆ కాంతి ఊరికే ఉండదు, గొట్టం లోపల అటూ ఇటూ పరావర్తనం చెంది బింబం మీద పాలిపోయిన తెరలా పరుచుకుంటుంది. 1935లో జర్మనీలోని కార్ల్ జీస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా ప్రతిబింబాన్ని తగ్గించే పూతను కనిపెట్టాక ఈ పరిస్థితి మారింది. ఇప్పుడు చవక స్కోపుల మీద ఉండే 'కోటెడ్' అన్న మాటకు ఏదో ఒక ఉపరితలానికి ఒక పొర పూశారనే అర్థం. 'ఫుల్లీ మల్టీ కోటెడ్' అంటేనే గాలికి తగిలే ప్రతి ఉపరితలానికీ పలు పొరలు పూసినట్టు. ఈ ఒక్క పదం కోసం కొంచెం ఎక్కువ పెట్టడం సబబే. దుకాణంలోని దీపాల వెలుగులో ఏ స్కోపైనా బాగానే కనిపిస్తుంది. వీలైతే సూర్యుడు దిగిన తర్వాత బయటికి తీసుకువచ్చి, చెట్టు నీడలోని కొమ్మలను చూడాలి. తెల్లని ఆకాశం మీద సన్నని కొమ్మ అంచులకు ఊదా రంగో ఆకుపచ్చో అంటుకొని ఉంటే గాజు సాదాసీదాదని గ్రహించాలి. అంచుల్లో బింబం కొద్దిగా మసకగా ఉంటే నేను క్షమిస్తాను, గురిపెట్టేది మధ్యలోనే కదా.

లెన్సుల లోపలివైపు తేమ పట్టి మసకబారకుండా గొట్టంలోని గాలిని తీసేసి నైట్రోజన్‌నో ఆర్గాన్‌నో నింపుతారు. ఇది లేని స్కోపును వేటకు కొనకూడదు. దీని గురించి అంతకు మించి చెప్పవలసింది లేదు.

ఐ రిలీఫ్ అంటే వెనుక లెన్సుకూ కంటికీ మధ్య ఉండవలసిన దూరం. అది 9 సెంటీమీటర్లకు తగ్గితే, గట్టిగా తన్నే రైఫిల్ మీద కనుబొమ ఎప్పుడో ఒకప్పుడు చీలుతుంది. కొన్ని స్కోపుల్లో రెట్లు పెంచినప్పుడు ఈ దూరం తగ్గిపోతుంది కాబట్టి, కొనే ముందు గరిష్ఠ రెట్ల దగ్గర ఎంతుందో చూసుకోవాలి.

రెటికిల్ ఎంత సాదాగా ఉంటే అంత మంచిదని నా అభిప్రాయం. బయట లావుగా, మధ్యలో సన్నగా ఉండే డూప్లెక్స్ గీతలు మసక వెలుతురులో కూడా కంటిని మధ్యకు లాగుతాయి. గీతల నిండా చుక్కలు, అంకెలు ఉన్న రెటికిల్ కొనేవారు అది మొదటి ఫోకల్ ప్లేన్‌లో (రెట్లతో పాటు గీతలూ పెద్దవిగా కనిపిస్తాయి) ఉందో రెండోదానిలో (గీతలు ఎప్పుడూ ఒకేలా కనిపిస్తాయి) ఉందో తెలుసుకోవాలి, ఎందుకంటే రెండోదానిలో ఆ కొలతలు ఒకే ఒక్క రెట్టు దగ్గర, సాధారణంగా గరిష్ఠ రెట్టు దగ్గర, నిజమవుతాయి. నిజానికి ఆ చుక్కల అవసరమే తక్కువ. .308 విన్‌చెస్టర్‌లో 150 గ్రెయిన్ల బరువున్న తూటాను 200 గజాలకు సరిచేసుకుంటే, 100 గజాల వద్ద అది సుమారు 2 అంగుళాలు పైన, 300 గజాల వద్ద సుమారు 8 నుంచి 9 అంగుళాలు కింద పడుతుంది. 200 గజాలు కొద్దిగా దాటినా ప్రాణస్థానం నడిమికే గురిపెట్టి కాల్చవచ్చు. పక్క టరెట్‌తో పారలాక్స్, అంటే కన్ను పక్కకు జరిగితే గురి గీతలు లక్ష్యం మీద జరిగినట్టు కనిపించడం, సరిచేసుకొనే ఏర్పాటుకూ అదే మాట వర్తిస్తుంది. 100 మీటర్లకు స్థిరపరచిన 40 మిల్లీమీటర్ల స్కోపులో 200 మీటర్ల దగ్గర, కన్ను పూర్తిగా అంచుకు జరిగినప్పుడు కూడా, వచ్చే తేడా 2 సెంటీమీటర్ల పరిధిలోనే ఉంటుంది. బ్యాటరీతో వెలిగే చుక్క, దూరం కొలిచే గీతలు, లేజర్, అదనపు పట్టాలు అన్నీ కలిపి కారుచౌకగా ఇస్తున్నారంటే, వాటికి అయిన ఖర్చును ఆ స్ప్రింగ్ దగ్గరో గాజు దగ్గరో మిగుల్చుకున్నారని అర్థం.

స్కోప్ మీద డబ్బంతా పోసి, దాన్ని పట్టి ఉంచే రింగులు, వాటిని రైఫిల్‌కు బిగించే బేస్ దగ్గర పిసినారితనం చూపేవారు చాలామంది. స్కోప్ చెడిపోయిందని తిప్పిపంపిన సందర్భాల్లో ఎన్నో నిజానికి వదులైన మరల వల్ల వచ్చినవే. బేస్ మరలకు నూనె తుడిచి, మర వదులు కాకుండా పట్టే జిగురు ఒక చుక్క వేసి బిగించాలి. రింగు మరలకు చాలామంది తయారీదారులు చెప్పే బిగువు 15 నుంచి 18 అంగుళ పౌండ్లు, అంటే దాదాపు 2 న్యూటన్ మీటర్లు. తయారీదారు వేరే అంకె ఇస్తే దాన్నే పాటించాలి. చేతి బలం కొద్దీ బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి లోపలి గొట్టం కదలకుండా పోతుంది, అప్పుడు మంచి స్కోప్ కూడా చతురస్రం గీయలేదు. బిగువు కొలిచే చిన్న స్క్రూడ్రైవర్‌ను కూడా స్కోప్ ఖర్చులో భాగంగానే లెక్కవేసుకోవాలి.

వారంటీ విషయంలో ల్యూపోల్డ్, వోర్టెక్స్, బరిస్ వంటి సంస్థలు రసీదు అడగకుండా, చేతులు మారిన స్కోపునూ బాగుచేసి ఇచ్చే జీవితకాల హామీ ఇస్తున్నాయి. అందువల్ల ఈ సంస్థల పాత స్కోపును సగం ధరకు కొనడం, పేరు లేని కొత్తదాన్ని అదే ధరకు కొనడంకన్నా నయం, నకిలీ కాదని నిర్ధారించుకున్నంతవరకు. అయితే హామీ ఇచ్చిన సంస్థ ఆ వ్యాపారంలో నిలబడుతుందా అన్నది కూడా చూడాలి. తక్కువ ధర స్కోపుల్లో ఎంతో మంచి పేరున్న నికాన్ 2019 చివర్లో రైఫిల్ స్కోపుల తయారీ నుంచి తప్పుకుంది. నిన్నమొన్న పుట్టిన సంస్థ రాసిచ్చే జీవితకాలం ఎవరి జీవితకాలమో చెప్పడం కష్టం.

కొన్నాక బైనాక్యులర్ కొనడానికి కొంత డబ్బు మిగుల్చుకోవాలి. అది లేనివాడు పొదలో కదిలినదేమిటో స్కోప్‌లోంచే చూస్తాడు. ఆ క్షణంలో తుపాకీ గొట్టం మూతి కూడా అటే తిరిగి ఉంటుంది, అక్కడున్నది మనిషి కూడా కావచ్చు. రైఫిల్ ప్రయాణంలో పడినా, గట్టిగా తగిలినా, వేటకు ముందు 100 గజాల దగ్గర రెండు మూడు తూటాలు పేల్చి చూసుకోవాలి. స్కోప్ గొట్టం మీద రింగు అంచు దగ్గర సన్నని గీత ఒకటి గీసి ఉంచుకుంటే, గురి మారినప్పుడు జారింది రింగులలోనా లోపల స్ప్రింగ్ దగ్గరా అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది.