చెవులు టప్‌మన్నాయి

వైజాగ్ వచ్చిన ప్రతిసారీ రుషికొండలో కాళ్లు తడుపుకుని వెళ్లిపోయేదాన్ని. నిన్న స్కూబా డైవింగ్‌కి దిగాను. ఈత రాదు, టెన్షన్ మామూలుగా లేదు! 2 మీటర్లు దిగానో లేదో చెవుల్లో ఒకటే పోటు. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే టప్‌మని తెరుచుకున్నాయి. 10 మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డు మీదకంటే రెట్టింపు మరి.

నీళ్లు కాస్త మసకే (అండమాన్ ఫొటోలు చూసి వెళ్లకండి). కానీ ఒక రాతి సందులో లయన్ ఫిష్! ఒళ్లంతా చారలు, విసనకర్రలా విప్పిన రెక్కలు. ముళ్లలో విషం ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి బుద్ధిగా చేతులు కట్టుకుని చూశాను. దానికి నేనంటే లెక్కే లేదు.

పైకొచ్చి మురీ మిక్చర్ తింటున్నా ముఖం మీద మాస్క్ గుర్తు పోలేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు.