మౌలాలి గుట్ట మీద డొల్ల చప్పుడు

మణుగూరు ఎక్స్‌ప్రెస్ దిగి, సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో పట్టుకుని ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్‌లో దిగేసరికి, కింద బావ బండి స్టార్ట్ చేసి మరీ నిలబడ్డాడు. "టిఫిన్ తర్వాత చూద్దాంలే, ఎక్కు. ఎనిమిదింటికే పంపు వేస్తారు" అన్నాడు. ఆయన పని బోర్లలో దిగి... అంటే పరికరాలు దింపి, రాతి స్ట్రెస్, అంటే లోపల రాయి ఎంత నొక్కుడులో ఉందో, కొలవడం. పుస్తకాల్లో దాన్ని ప్రతిబలం అంటారు గానీ, బావ నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు.

ఈ గొడవలోకి నన్ను లాగింది మా ఊరే. మణుగూరు దగ్గర పగిడేరులో బోర్లలోంచి వేడినీళ్లు వాటంతటవే ఉబికొస్తాయి. ఆ వేడితో సింగరేణి వాళ్లు 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టారు. అన్నిచోట్లా పెట్టొచ్చు కదా అని ఫోన్లో అడిగితే బావ నవ్వాడు. "వేడొక్కటే చాలదు. నీళ్లు తిరగడానికి రాతిలో దారుండాలి. లేకపోతే మనమే చీల్చాలి. అది ఎటు చీలుతుందో ముందు తెలియాలిగా? వచ్చి చూడు."

ఊరవతల యార్డులో బోరు. పగుళ్లు లేని చోటు కోర్ (బోరులోంచి తీసిన రాతి కడ్డీ) చూసి ముందే ఎంచుకున్నారు, 150 మీటర్ల దగ్గర. పైనొకటి, కిందొకటి రబ్బరు ప్యాకర్లు దింపి, ఉబ్బించి, మధ్యలో మీటరు మేర బోరును బిగించేస్తారు. ఆ ఖాళీలోకి నీళ్లు పంపు చేస్తారు. మొదటిసారి కింది ప్యాకర్ లీకైంది. పైపులన్నీ ఒక్కొక్కటీ లాగి, మార్చి, మళ్లీ దింపేసరికి పదకొండున్నర. నా ఇడ్లీ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

రెండోసారి ప్రెషర్ మీటరు ముల్లు ఎక్కుతూ పోయింది. చదరపు సెంటీమీటరుకు 60 కేజీలు, 80, 100. 110 దగ్గర ఒక్కసారి కిందికి జారింది. చప్పుడేమీ లేదు, ముల్లే చెప్పింది రాయి చీలిందని. వెంటనే పంపు ఆపేశారు. ముల్లు దిగుతూ దిగుతూ 38 దగ్గర నెమ్మదించింది. "ఇదీ మనకు కావాల్సింది" అన్నాడు బావ. చీలికను మూసేయాలని అడ్డంగా నొక్కే బలం అదేనట. ఆ లోతులో పైనున్న రాతి బరువే చదరపు సెంటీమీటరుకు 40 కేజీల దాకా ఉంటుంది.

తర్వాత మెత్తటి రబ్బరు తొడుగున్న ప్యాకర్ దింపి గోడకు ఒత్తి పైకి తీశారు. దాని మీద సన్నని గీత, వెంట్రుకంత. సుద్దతో రుద్దితే గానీ నాకు కనబడలేదు. ఉత్తరం నుంచి కాస్త తూర్పుకు వాలి ఉంది. మన నేలంతా ఉత్తరానికి కదిలి వెళ్లి ఆసియాను ఢీకొంటోంది కదా, పెద్ద నొక్కుడు ఆ వాలులోనే ఉంటుందన్నాడు బావ. చీలిక ఆ దారినే సాగుతుంది, కాబట్టి చల్లనీళ్లు దింపే బావికి ఆ వాలులోనే వేడినీళ్లు తీసే బావి పడాలి. పక్కకు పడితే డబ్బు మట్టిపాలే.

డబ్బుతో పోతే ఫర్వాలేదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2006 డిసెంబరులో ఇలాగే లోతుకు నీళ్లు పంపితే 3.4 తీవ్రతతో భూమి అదిరింది. ప్రాజెక్టు మూతపడింది. అప్పటికే బిగుసుకుని ఉన్న పాత పగులుకు నీళ్లు తగిలితే జారిపోతుంది. ఎంత బిగువులో ఉందో ముందే కొలిచేది అందుకే.

"మరి హైదరాబాద్‌లో కరెంటు తీయొచ్చా?" అంటే తల అడ్డంగా ఊపాడు. ఇక్కడి రాయి 250 కోట్ల ఏళ్ల నాటిది, చల్లారిపోయింది. ఎంతో లోతుకు పోతే గానీ సెగ తగలదు. కొలవడం నేర్చుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి రాయి లేదట.

సాయంత్రం మౌలాలి గుట్ట ఎక్కించాడు. ఉల్లిపొరల్లా పెచ్చులు లేచిన గ్రానైటు. ఒకప్పుడు దీని మీద బోలెడంత రాయి ఉండేదట, అది అరిగి బరువు దిగాక అదిమిపెట్టిన అడుగు రాయి ఉబ్బి పొరలుగా విడిపోయింది. బావ ఒక పెచ్చు మీద గులకరాయితో కొట్టాడు, డొల్లగా మోగింది. రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ కొట్టాడు, గట్టిగా టక్కుమంది. రాయి నా చేతికిచ్చాడు. చీకటి పడేదాకా ఆ గుట్ట మీద కొడుతూనే తిరిగాను.