మూడు కుంచాల పిండి

డిసెంబరు రాగానే ఒడిశాలోని మా పర్లాకిమిడిలో డాబాల మీద నక్షత్రాలు లేస్తాయి. వెదురు బద్దలు కట్టి, రంగుకాగితం అంటించి, లోపల బల్బు పెట్టి పొడవాటి గెడకు ఎత్తుతారు. 2011 జనాభా లెక్కల్లో మా గజపతి జిల్లాలో మూడోవంతుకు పైగా క్రైస్తవులే. అందుకే ఈ నెలలో కొండవైపు చూస్తే సవర గూడేలు ఎక్కడున్నాయో రాత్రిపూట కూడా తెలిసిపోతుంది. గోడలకు సున్నం, గుమ్మానికి తోరణం, వసారాలో గడ్డి పరిచిన పశువుల పాక. ఇవన్నీ నలుగురూ చూడాలని చేసేవే, తప్పేమీ లేదు.

నా మనసు మాత్రం ఈ రోజుల్లో లూకా 13:21 దగ్గర ఆగుతుంది. దేవుని రాజ్యం దేనిలాంటిదంటే, ఒక స్త్రీ "అంతయు పులిసి పొంగువరకు" మూడు కుంచాల పిండిలో దాచిపెట్టిన పుల్లని పిండి లాంటిదట. క్రిస్మస్‌కి ఈ వాక్యం మీద ప్రసంగం సాధారణంగా వినం. వంటింట్లో ఉన్నవాళ్ళకి మాత్రం ఇంతకన్నా దగ్గరి వాక్యం లేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు ఇటు వచ్చింది గానీ, తెలుగు, ఒడియా పొయ్యిలకు సరిహద్దు పడలేదు. అరిసెలు, జంతికల పక్కనే ఒడియావాళ్ళ పిండివంట పొడొపిఠా ఉంటుంది. కుక్కర్‌లో ఇసుక పోసి, విజిల్ తీసేసి కేకు చేయడం పిల్లల సరదా, అది గంటలో తేలిపోతుంది. పొడొపిఠా అలా కాదు. బియ్యం, మినప్పప్పు ముందురోజే రుబ్బి పులవనివ్వాలి. చలికాలంలో పిండి తొందరగా పొంగదు, గిన్నెను పొయ్యి వెచ్చదనానికి దగ్గరగా జరిపి, పైన గుడ్డ కప్పి పడుకోవాలి. మాటిమాటికీ మూత తీసి చూస్తే లాభం లేదు. పొంగాక బెల్లం, కొబ్బరి, అల్లం, మిరియాలు కలిపి, అరిటాకు వేసిన గిన్నెలో పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి సన్నని సెగ మీద వదిలేయాలి. అడుగు నల్లగా మాడాలి. మాడకపోతే అది పొడొపిఠా కాదని మా వీధి ఆడవాళ్ళ తీర్పు.

డాబా మీది నక్షత్రం అందరికీ కనబడుతుంది. మూత కింద పిండి పొంగడం ఎవరికీ కనబడదు. యేసు తన రాజ్యానికి పోలిక వెతుక్కున్నప్పుడు ఈ రెండోదాన్ని ఎంచుకున్నాడు.

ఇక ఆ కొలత. బైబిలు నాటి కొలతలో మూడు కుంచాలంటే ఎంత తక్కువ లెక్కేసినా 20 లీటర్ల పైమాటే. ఒక్క ఇంటికి అంత పిండి ఎందుకు? ఆదికాండము 18లో అబ్రాహాము గుడారం ముందుకు ముక్కూముఖం తెలియని ముగ్గురు వస్తే, భార్య శారాను తొందరపెట్టి పిసకమన్నదీ మూడు మానికల పిండే, తెలుగులో మాట మారినా కొలత అదే. బైబిల్లో ఈ కొలత ఇంటివాళ్ళకు సరిపోయే కొలత కాదు.

మా పక్కింటి ఒడియా అమ్మగారు మార్గశిర గురువారాల్లో మాణబసా అనే లక్ష్మీపూజ చేస్తారు. మాణ అంటే మన మానిక లాంటి కొలపాత్ర. కొత్త ధాన్యం నింపి లక్ష్మిగా పూజిస్తారు. గడప నుంచి వంటింటి దాకా బియ్యపు పిండితో ఝోటీ ముగ్గులు, చిన్న చిన్న పాదాలు వేస్తారు. ఆ రోజు వాళ్ళు చదువుకునే కథలో, ఊరు అంటరానిదని వెలివేసిన శ్రియ తన ఇల్లు అలికి ముగ్గుపెట్టి ఉంచితే లక్ష్మి ఆ గడపే తొక్కుతుంది, దానికి పెద్ద గొడవే జరుగుతుంది. నేను నమ్మేది వేరు. అయినా సత్రంలో చోటు దొరకని తల్లి గురించి చదువుకునేదాన్ని కనుక ఆ కథ వింటే గుండె కలుక్కుమంటుంది.

అందుకే ఇల్లు సిద్ధం చేయడమంటే నాకు ముందు గుర్తొచ్చేది పిండి కొలత. చర్చి నుంచి పాటలు పాడుతూ వచ్చే కుర్రాళ్ళు రాత్రి ఒంటిగంటకు తలుపు కొడతారు, ఆరుగురనుకుంటే పద్దెనిమిది మంది ఉంటారు. పండగ రోజు సంతకు దిగిన సవర ఆడవాళ్ళు కాసేపు వసారాలో కూర్చుంటారు. యేసును చూడవచ్చిన తూర్పు దేశపు జ్ఞానులు కూడా ఇంట్లోకే వచ్చారని మత్తయి రాశాడు. మూడు కానుకలు చూసి ముగ్గురని మనం అనుకుంటాం గానీ, ఎంతమందో ఆయన చెప్పలేదు. పాపం మరియమ్మ, ఎంతమందికి వండిందో!