నోరు తిరగడానికి ముందు చెవి తిరగాలి: ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌కు నా ప్రిపరేషన్

విదేశాల్లో చదువుకు, ఉద్యోగానికి వెళ్లేవారు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్ భాగం 11 నుంచి 14 నిమిషాలే అయినా అందులో నాలుగో వంతు మార్కు ఉచ్చారణదే కావడంతో, 33 ఏళ్ల వయసులో విశాఖపట్నం ద్వారకానగర్‌లో కోచింగ్‌లో చేరిన నన్ను, ఇంత వయసొచ్చాక నోరు తిరుగుతుందా అన్న బెంగ మొదటి నెలంతా వదల్లేదు. భాష నేర్చే సహజశక్తి యౌవనారంభంతో తగ్గిపోతుందని 1967లో ఎరిక్ లెన్‌బర్గ్ ప్రతిపాదించిన మాట చదివాక ఆ బెంగ రెట్టింపయింది. అయితే 1980లో పర్సెల్, సూటర్ అనే పరిశోధకులు ఉచ్చారణను ఎక్కువగా ప్రభావితం చేసేవిగా తేల్చిన నాలుగింటిలో, అంటే మాతృభాష, విన్నది అనుకరించే నేర్పు, ఆ భాష మాట్లాడేవారి మధ్య గడిపిన కాలం, బాగా పలకాలన్న పట్టుదల అనే వాటిలో, నేర్చుకోవడం మొదలుపెట్టిన వయసు లేదని తెలిసినప్పుడు నాకు నిజంగా ధైర్యం వచ్చింది.

నా అనుభవంలో వీటిలో బలమైనది మాతృభాషే. మనకు 'వ' ఒక్కటే కనుక పడమరకూ, లోపల తొడుక్కునే బనియనుకూ ఇంగ్లీషులో ఉన్న రెండు మాటలనూ (west, vest) 'వెస్ట్' అనే రాస్తాం, అలాగే వింటాం. పడమరకు పెదవులు గుండ్రంగా ముడుచుకోవాలి, పళ్లు తగలకూడదు. బనియనుకు పైపళ్లు కింది పెదవిని తాకాలి. అద్దం ముందు ఈ తేడా పలకడం రెండు రోజుల్లో వచ్చింది గానీ, ఫోన్‌లో వినిపించినది ఏదో గుర్తుపట్టడానికి మూడు వారాలు పట్టింది. చెవికి పట్టుబడిన తరువాతే వేగంగా మాట్లాడేటప్పుడు కూడా తప్పకుండా పలకగలిగాను.

ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, దాని సంగతి ఇంకా ముఖ్యం. మాక్ ఇంటర్వ్యూలో నేను 'డెవలప్‌మెంట్' అన్న మాటను శిక్షకురాలు రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. ఊనిక 'వె' మీద పడాల్సిన చోట నేను అన్ని అక్షరాలనూ సమానంగా, తెలుగు పద్ధతిలో, నిండుగా పలికాను. 'ఫొటోగ్రాఫ్'లో మొదటి అక్షరం మీదున్న ఊనిక 'ఫొటోగ్రఫీ'లో రెండోదానికి జరుగుతుందని, ఊనిక లేని అచ్చు దాదాపు వినిపించనంత పొట్టిదవుతుందని అప్పుడే తెలిసింది. యాసకు మార్కులు తగ్గించరు, వినేవారికి అర్థం కాకపోతే తగ్గుతాయి కనుక, విదేశీ యాస తెచ్చిపెట్టుకోవడం కన్నా ఈ ఊనికకే సమయం కేటాయించమని నా సలహా.

ఇంగ్లీషు మీడియంలో చదివాం కదా అనుకోవద్దు. మనం అక్కడ విన్నది ఎక్కువగా మన తెలుగువారి ఇంగ్లీషే. నేను రోజూ తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో నడుస్తూ ఒక్క నిమిషం ఆడియోనే పదిసార్లు విని, వెంటనే అదే లయలో చెప్పి, రికార్డు చేసుకుని ఇంటికొచ్చి పోల్చి చూసుకునేవాడిని. అలల హోరు లేని చోట రికార్డు చేసుకోవడం మంచిదని మాత్రం రెండో రోజే అర్థమైంది.