ఎనిమిది బఫర్లకు 64 ఎంబీ చాలదు: లినక్స్‌లో సీఎంఏ లెక్క

600 ఎంబీ ఖాళీ ఉందని కనిపిస్తుంది, డ్రైవర్ ఒకే వరుసలో అడిగిన 12 ఎంబీ మాత్రం దొరకదు. ఖాళీ అంతా 4 కేబీ పేజీలుగా చెల్లాచెదురై ఉంటుంది మరి. పైగా ఆ పేజీ సైజులో బడ్డీ అలొకేటర్ (కెర్నెల్‌లో పేజీలు పంచే భాగం) ఒక్క దఫాలో 4 ఎంబీకి మించి ఇవ్వనే ఇవ్వదు. ఐఓఎంఎంయూ (పరికరాల అడ్రసులను మార్చి చూపే హార్డ్‌వేర్) ఉంటే ఈ తలనొప్పి లేదు, విడి పేజీలనే పరికరానికి వరుస అడ్రసులుగా చూపిస్తుంది. అది లేని బోర్డుల కోసమే సీఎంఏ, అంటే వరుస మెమరీ ఇచ్చే కంటిగ్యుయస్ మెమరీ అలొకేటర్. 2012లో, లినక్స్ 3.5లో వచ్చింది.

సీఎంఏ బూట్ సమయంలోనే ఒక ముక్కను పక్కన పెడుతుంది, కానీ ఊరికే ఉంచదు. డ్రైవర్ అడిగేదాకా అప్లికేషన్ల మెమరీకో పేజ్ క్యాష్‌కో (చదివిన ఫైళ్లను ఉంచుకునే మెమరీ) అద్దెకిస్తుంది. అడగ్గానే ఆ పేజీలను వేరే చోటికి తరలిస్తుంది.

ఎంత పెట్టాలి? ఎనిమిది వీడియో బఫర్లు, ఒక్కోదానిలో ఒక ఫ్రేము అనుకుందాం. 4కే ఎన్‌వీ12 (పిక్సెల్‌కు 1.5 బైట్లు పట్టే వీడియో ఫార్మాట్) ఫ్రేము 3840 × 2160 × 1.5 = 1,24,41,600 బైట్లు, అంటే 3038 పేజీలు. అలైన్‌మెంట్ (బఫర్ మొదలవ్వాల్సిన అడ్రసు హద్దు) డిఫాల్ట్‌గా 1 ఎంబీ కాబట్టి ఒక్కోటీ 12 ఎంబీ తింటుంది. 64 ఎంబీలో ఐదు పడతాయి, ఆరోది పడదు. ఎనిమిదికి 96 కావాలి. డిస్‌ప్లే కూడా ఇదే పూల్‌ను (పక్కన పెట్టిన ముక్కను) వాడుతుంటే నేనైతే 128 పెడతాను. అలాగని 1 జీబీ బోర్డులో 512 ఇచ్చేయకండి: కెర్నెల్ సొంత అలొకేషన్లు సీఎంఏలోకి వెళ్లలేవు, మెమరీ ఖాళీగా కనిపిస్తూనే ఓఓఎం కిల్లర్ (మెమరీ చాలనప్పుడు ప్రాసెస్‌లను ఆపేసేది) దిగుతుంది.

డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నెల్‌కు వివరించే ఫైలు) రిజర్వ్‌డ్-మెమరీ కింద నోడ్ రాసి, కంపాటిబుల్‌గా 'షేర్డ్-డీఎంఏ-పూల్', దానితో 'రీయూజబుల్', సైజు, 'లినక్స్,సీఎంఏ-డిఫాల్ట్' ఇవ్వాలి. పరికరం 32 బిట్ల అడ్రసులే చూడగలిగితే 'అలాక్-రేంజెస్'తో 4 జీబీ లోపలే కట్టేయాలి. 'నో-మ్యాప్' (ఆ మెమరీని కెర్నెల్ మ్యాప్ చేయొద్దనేది) మాత్రం 'రీయూజబుల్'తో కలవదు. ఎంత మార్చినా సైజు మారట్లేదంటే కెర్నెల్ కమాండ్ లైన్ చూడండి. అక్కడ 'సీఎంఏ=' ఉంటే డివైస్ ట్రీలోని డిఫాల్ట్ పూల్‌ను కెర్నెల్ పట్టించుకోదు.

అలొకేషన్ విఫలమైతే కెర్నెల్ లాగ్‌లో ఎర్రర్ నంబరు చూడాలి. -12 అంటే పూల్‌లో అంత వరుస ఖాళీ లేదు, సైజు పెంచాలి. -16 అంటే చోటుంది, అద్దెకున్న పేజీలే కదలట్లేదు: ఎవరో వాటిని పిన్ చేశారు (కదలకుండా పట్టేశారు), లేదా అవి ఐఓలో ఉన్నాయి. అప్పుడు సైజు పెంచడం కన్నా బఫర్లన్నీ డ్రైవర్ ప్రోబ్‌లోనే (డ్రైవర్ మొదలయ్యేటప్పుడే) తీసేసుకోవడం మేలు.

మెమ్‌ఇన్ఫోలోని (మెమరీ లెక్కలు చూపే ఫైలు) 'సీఎంఏఫ్రీ' తక్కువగా ఉందని కంగారు పడొద్దు. అద్దెకిచ్చిన పేజీలు అందులో లెక్కకు రావు. అసలు సంగతి, అంటే పూల్‌లో అతి పెద్ద వరుస ఖాళీ ఎంతో, డీబగ్ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ డీబగ్ వివరాల ఫైల్‌సిస్టమ్) సీఎంఏ కింద 'మ్యాక్స్‌చంక్' ఫైలు చెబుతుంది.